స, శ, చ: మన పాటలకు ఏ డీ-ఎస్సర్ సరిపోతుంది?

పాడిన గొంతులో చెవికి గుచ్చే స, శ, చ లాంటి శబ్దాలను తగ్గించే సాఫ్ట్‌వేర్ పనిముట్టే డీ-ఎస్సర్. తీర్పు ముందే చెప్పేద్దాం. తెలుగు పాటలు మిక్స్ చేసే చిన్న స్టూడియోకి ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా చాలు. రోజూ కొత్త గొంతులు వచ్చిపోయే చోట ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-డీఎస్ పెట్టిన డబ్బుకు పని చేసి చూపిస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల దగ్గర రీకాంప్ ఎలాగూ ఉంటుంది. దాన్నీ డీ-ఎస్సర్‌గా వాడొచ్చని చాలామందికి తట్టదు, అంతే. సూథ్2 గొప్ప పనిముట్టే కాని, స కోసం కొనాల్సింది మాత్రం కాదు.

అయితే వీటిలో దేన్నైనా ప్రీసెట్ (ముందే దాచిన సెట్టింగ్) పెట్టి వదిలేస్తే పాట మెత్తబడుతుందేమో గాని ఉచ్చారణ చెడుతుంది. "శంకరా" కాస్తా "సంకరా" అవుతుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగూ ఒడియా రెండూ రికార్డ్ చేసే స్టూడియోలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే పనిముట్ల) కన్నా ముందు అక్షరాల సంగతి చూడాలి.

ఏ అక్షరం ఎక్కడ గుచ్చుతుంది

స పలికేటప్పుడు నాలుక కొన పళ్ల వెనక్కి చేరుతుంది. గాలి సన్నటి సందులోంచి దూసుకొచ్చి పళ్ల అంచుకు కొట్టుకుంటుంది. నాలుక ముందు మిగిలే ఖాళీ చాలా చిన్నది కాబట్టి శబ్దం పైస్థాయిలో పుడుతుంది: మగ గొంతులో ఇంచుమించు 5 నుంచి 7 కిలోహెర్ట్జ్, ఆడ గొంతులో 6.5 నుంచి 9 కిలోహెర్ట్జ్. శ, ష దగ్గర నాలుక వెనక్కి జరుగుతుంది, ముందున్న ఖాళీ పెరుగుతుంది, శబ్దం కిందికి దిగుతుంది. వాటి బలమంతా 2.5 నుంచి 4.5 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. చ రెండు రకాలు. "చెరువు"లో ఉన్నది తాలవ్యం, అది శ ఉన్న చోటే పేలుతుంది. "చల్ల"లో ఉన్నది దంత్యం, అది స ఉన్న చోట పేలుతుంది. రెండూ ఆగి ఒక్కసారిగా విడుదలయ్యే శబ్దాలు. స మెల్లగా లేస్తుంది, చ క్షణంలో లేచి కూర్చుంటుంది. డీ-ఎస్సర్ అటాక్ (పని అందుకోవడానికి తీసుకునే సమయం) ఎంత పెట్టాలన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఒడియా లిపిలో మూడు సకారాలున్నా మామూలు మాటలో మూడూ స గానే వినిపిస్తాయి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే గాయకులు రెండు భాషల్లోనూ పాడతారు. ఒకే గొంతు ఉదయం ఒడియా భజన, సాయంత్రం తెలుగులో అమ్మవారి పాట. ఒడియా భజనకు 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క బ్యాండ్ (తగ్గించాల్సిన పౌనఃపున్యాల పట్టీ) పెడితే పని అయిపోతుంది. అదే సెట్టింగ్‌ని తెలుగు పాట మీదికి తెస్తే శ, ష, చె, చి అన్నీ దాని కిందనుంచి జారిపోతాయి. శ ఇంకా గుచ్చుతోందని త్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే తగ్గించాలన్న హద్దు) దించుతారు. శ అంగుళం కదలదు, స మాత్రం చచ్చిపోతుంది. "మిక్స్ మూగబోయింది, అయినా చెవి నొప్పి తగ్గలేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. శను శ గా గుర్తుపట్టించేది ఆ 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గరి బలమే. అక్కడ 8 డీబీ (డెసిబెల్) కోసేస్తే మిగిలిన పైభాగం చెవికి స లాగే తోస్తుంది. గాయని శుద్ధంగా పలికినా వినేవాడు "ఒడియా యాస వచ్చింది" అనేస్తాడు. స నుంచి అంతే కోస్తే నత్తి వస్తుంది, "సీత" "థీత"కు దగ్గరవుతుంది. మా లెక్కలో తెలుగు వోకల్‌కు హద్దులు ఇవి: స మీద 4 నుంచి 6 డీబీ, శ మీద 3 డీబీ, దాటకూడదు. అంతకన్నా తగ్గించాల్సి వస్తే మైకు దగ్గరే ఏదో తప్పు జరిగిందని అర్థం. ఇంకో మాట: గాయకుడు శ ను స అని పాడేస్తే దాన్ని తిరిగి శ చేసే ప్లగిన్ ఏదీ లేదు. ఆ ముక్క మళ్లీ పాడించుకోవాలి.

కొలత ఇలా తీయండి. ప్రతి గాయకుడితో సెషన్ మొదట్లో "శనివారం సంతలో చల్లటి చెరుకురసం" అని మామూలు పాట గొంతుతో రెండుసార్లు చెప్పించి రికార్డ్ చేయండి. శ, స, రెండు రకాల చ, చివర మళ్లీ స, అన్నీ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. వోక్సెంగో స్పాన్ అనే ఉచిత ఎనలైజర్ పెట్టి ఒక్కో హల్లును లూప్ చేయండి, శిఖరం ఎక్కడుందో రాసుకోండి. స్పాన్ మొదట తెరిచినప్పుడు స్లోప్ అష్టకానికి 4.5 డీబీ చొప్పున వాలి ఉంటుంది. అందుకే పైభాగం ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. మనకు కావలసింది ఎత్తు కాదు, చోటు. ఒకే గాయకుడికి స, శ ల ఈ రెండు అంకెలు పాట పాటకీ పెద్దగా మారవు, పేరు పక్కన రాసి పెట్టుకుంటే వచ్చేసారి పది నిమిషాలు మిగులుతాయి.

రీకాంప్

రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, చిన్న స్టూడియోలకు వర్తించే రాయితీ లైసెన్సు 60 డాలర్లు. విండోస్‌లో వేరే డా (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు రీప్లగ్స్ అనే ఉచిత మూటలో ఇదే రీకాంప్ దొరుకుతుంది. చూడ్డానికి మామూలు కంప్రెసర్, అంటే హద్దు దాటిన శబ్దాన్ని తగ్గించేది. దాన్ని డీ-ఎస్సర్ చేసేది డిటెక్టర్‌లో (అది వినే భాగంలో) ఉన్న హైపాస్ (కింది శబ్దాలను ఆపేసే) స్లైడర్.

హైపాస్‌ను 5000 హెర్ట్జ్‌కు తీసుకెళ్లండి. "ప్రివ్యూ ఫిల్టర్" టిక్ పెడితే కంప్రెసర్ ఏం వింటోందో మీకూ వినిపిస్తుంది: సకారాలు, తాళాల చప్పుడు లాంటి గాలి తప్ప అచ్చులు దాదాపు వినిపించకూడదు. వినిపిస్తే ఇంకో 500 పైకి జరపండి. టిక్ తీసేయడం మరవొద్దు, తీయకుండా రెండర్ చేస్తే పాటంతా ఈల అవుతుంది. ఆర్ఎంఎస్ సైజు (స్థాయి సగటు తీసే నిడివి) 0 నుంచి 2 మిల్లీసెకన్లు, అటాక్ 0.5, రిలీజ్ (తగ్గించడం వదిలే సమయం) 40, రేషియో (ఎంత గట్టిగా తగ్గించాలి) 3, ప్రీ-కాంప్ 2 మిల్లీసెకన్లు. ఈ ప్రీ-కాంప్ అంటే ముందుచూపు. అది సున్నా ఉంటే చ మొదటి పేలుడు తప్పించుకుని, వెనకాల వచ్చేది మాత్రం తగ్గుతుంది. ఫలితంగా "చల్ల" బదులు "ట్‌చల్ల" అని టిక్కు వినిపిస్తుంది.

ఇది వైడ్‌బ్యాండ్ పద్ధతి. స వచ్చినప్పుడు గొంతు మొత్తం కిందికి దిగుతుంది, పైభాగం మాత్రమే కాదు. స ఉన్నంతసేపు కింద పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి ఒంటరి వోకల్ మీద ఇది చాలా సహజంగా ఉంటుంది, స రంగు మారదు, చిన్నదవుతుంది. అయితే రిలీజ్ 100 మిల్లీసెకన్లు దాటిందా, తర్వాతి అచ్చు కూడా మునుగుతుంది. "సాయి"లో "ఆ" మెల్లగా పైకి తేలుతున్నట్టు వింతగా ఉంటుంది. వాయిద్యాలతో కలిసిపోయిన పాత ట్రాక్ మీద దీన్ని వాడకూడదు, ప్రతి స కూ డప్పు ఊగిపోతుంది.

శ కోసం దీని హైపాస్‌ను 2800కు దించుదామనుకుంటే కుదరదు. ఈ, ఏ అచ్చుల బలం కూడా అక్కడిదాకా వస్తుంది, కంప్రెసర్ వాటినీ పట్టేస్తుంది. ఒడియా పాటలకు రీకాంప్ ఒక్కటే సరిపోతుంది. తెలుగుకు సగం పనే.

టీడీఆర్ నోవా

టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్ల ఈ డైనమిక్ ఈక్వలైజర్ (శబ్దం హద్దు దాటినప్పుడే ఆ పట్టీని తగ్గించేది) మామూలు వెర్షన్ పూర్తిగా ఉచితం, గడువు లేదు. జెంటిల్మన్స్ ఎడిషన్‌కు డబ్బు కట్టాలి, మన పనికి అక్కర్లేదు. నాలుగు బ్యాండ్లు, పైనా కిందా ఒక్కో ఫిల్టర్. ఒక్కో బ్యాండ్‌కు విడిగా త్రెషోల్డ్, రేషియో, అటాక్, రిలీజ్ ఉంటాయి. ఈ "విడిగా" అన్నదే మనకు కావలసింది. ఒక బ్యాండ్ స కు, ఇంకొకటి శ కు.

నాలుగో బ్యాండ్‌ను బెల్ ఆకారంలో స శిఖరం మీద కూర్చోబెట్టండి, ఉదాహరణకు 7 కిలోహెర్ట్జ్, క్యూ (పట్టీ ఎంత సన్నగా ఉండాలి) 1. స్టాటిక్ గెయిన్ (ఎప్పుడూ ఉండే హెచ్చు లేదా తగ్గింపు) సున్నాలోనే ఉండాలి. దాన్ని తగ్గిస్తే పాట మొత్తం మసకబారుతుంది, డీ-ఎస్సింగ్ కాదు, ఈక్యూ అవుతుంది. త్రెషోల్డ్ మీట నొక్కితే ఆ బ్యాండ్ డైనమిక్ అవుతుంది. అటాక్ 1 మిల్లీసెకన్, రిలీజ్ 50, రేషియో 2. లోతును రేషియోతోనే అదుపు చేయాలి: స త్రెషోల్డ్‌ను 8 డీబీ దాటితే, రేషియో 2 దగ్గర 4 డీబీ తగ్గుతుంది, 4 దగ్గర 6 డీబీ. గొంతు స్థాయి పెద్దగా హెచ్చుతగ్గులయ్యే పాటలో రేషియో ఎక్కువ పెడితే, గట్టిగా పాడిన చరణంలో స మాయమై, మెల్లగా పాడిన పల్లవిలో అలాగే మిగులుతుంది. అందుకే రేషియో తక్కువ, త్రెషోల్డ్ కాస్త కిందికి.

మూడో బ్యాండ్ శ కు: 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర, క్యూ 2, రేషియో 1.5, త్రెషోల్డ్ పైన. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. నోవా చూసేది ఆ బ్యాండ్‌లో స్థాయి ఎంత అన్నదే, అది శ నా, "ఈ" అచ్చా అని దానికి తెలీదు. "నీలి నీటి మీద" లాంటి మాటలు లూప్ చేసి చూడండి. వాటిలో శ లేదు, కాబట్టి మూడో బ్యాండ్ కదలకూడదు. కదులుతుంటే త్రెషోల్డ్ పెంచండి, అప్పటికీ ఊరుకోకపోతే క్యూ 3 చేయండి. "శ్రీ" అన్నిటికన్నా కష్టం, శ అయిపోయేలోపే "ఈ" మొదలవుతుంది. శ్రీ తో నిండిన భక్తిపాట అయితే ఆ అక్షరాలున్న చోట్ల మాత్రమే మూడో బ్యాండ్ పని చేసేలా ఆటోమేషన్ (మీట ఎప్పుడు కదలాలో చెప్పే గీత) గీయడమే మంచిది. ఇంకో దారి కూడా ఉంది. శ ఉన్న ముక్కలను కత్తిరించి కింద ఇంకో ట్రాక్‌లో పెట్టి, దాని మీద విడిగా నోవా వేయండి. కోత దగ్గర 5 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఉంటే అతుకు తెలియదు.

పెట్టిన సెట్టింగ్ సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినాలి. రీపర్ కొత్త వెర్షన్లలో ప్లగిన్ విండోలోనే డెల్టా సోలో ఉంది. మిగతా డా ల్లో ట్రాక్‌ను నకలు తీసి, ఒకదానికి ప్లగిన్ వేసి, రెండోదాని పొలారిటీ తిప్పితే (తరంగాన్ని తలకిందులు చేస్తే) అదే వస్తుంది. అందులో "స్స్, ట్స్" తప్ప మాటలు అర్థమవుతున్నాయా? అయితే ఎక్కువ కోస్తున్నారు.

నోవాలో మాకు నచ్చనిది కొత్తవాళ్లను భయపెట్టే ఆ తెర. మీటలు చిన్నవి, గీతలు ఎక్కువ. డీ-ఎస్సర్‌గా సెట్ చేసిన దాన్ని ఒకసారి ప్రీసెట్‌గా దాచుకుని "తెలుగు ఆడ", "తెలుగు మగ", "ఒడియా" అని పేర్లు పెట్టుకుంటే ఆ గోల చాలావరకు తీరుతుంది.

ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-డీఎస్

ధర పదివేల రూపాయల పైమాటే. ఏం కొంటున్నామంటే, స ను స గా గుర్తుపట్టే బుద్ధిని. సింగిల్ వోకల్ అనే మోడ్ స్థాయి ఒక్కటే చూడదు, శబ్దం సకారం లక్షణాలతో ఉందా అని చూస్తుంది. మెల్లగా పాడినా గట్టిగా పాడినా దాదాపు సమానంగా పట్టుకుంటుంది, త్రెషోల్డ్‌తో కుస్తీ తగ్గుతుంది. పాట నడుస్తుంటే తెర మీద తరంగం కదులుతూ పోతుంది, పట్టుకున్న చోటు రంగు మారుతుంది. ఏ అక్షరం తప్పించుకుందో కళ్లతోనే చూడొచ్చు.

రెండు పెద్ద గుండ్రటి మీటలు. త్రెషోల్డ్ ఏది పట్టాలో చెబుతుంది, రేంజ్ ఎంతకు మించి తగ్గించకూడదో చెబుతుంది. తెలుగు వోకల్‌కు రేంజ్ 5 డీబీ దగ్గర పెట్టేసి ఇక దాని జోలికి పోకండి. ఎంత గట్టి స వచ్చినా అయిదు డీబీని మించి పోదు, నత్తి భయం ఉండదు. చ కోసం లుక్-అహెడ్ ఉంది, 15 మిల్లీసెకన్ల దాకా పెంచొచ్చు. మూడు, నాలుగు చాలు, మరీ పెంచితే అక్షరం రాకముందే ముందున్న అచ్చు తోక మునుగుతుంది.

వైడ్‌బ్యాండా, స్ప్లిట్‌బ్యాండా (పైభాగాన్ని మాత్రమే తగ్గించడమా) అన్నది ఇందులో ఒక్క మీట. ఒంటరి వోకల్‌కు వైడ్, కోరస్ స్టెమ్‌కూ కలిసిపోయిన మిక్స్‌కూ స్ప్లిట్, దానితోపాటు మోడ్ ఆల్‌రౌండ్. స్ప్లిట్‌లో వాడే విభజన లీనియర్ ఫేజ్ కాబట్టి పైభాగం, కిందిభాగం కలిసే చోట రంగు చెడదు. దానికి బదులుగా ఆలస్యం వస్తుంది. పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లోకి దీన్ని పంపకండి, మిక్స్‌లోనే ఉంచండి.

మరి శ సంగతి? సైడ్‌చెయిన్ (ప్లగిన్ వినే భాగం) హైపాస్, లోపాస్‌లను దగ్గరకు తెచ్చి 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఇరికిస్తే శ ను కూడా పట్టుకుంటుంది. నోవా కన్నా "ఈ" అచ్చును తక్కువగా తాకుతుంది. కాకపోతే స కు ఒకటి, శ కు ఒకటి, రెండు ప్రో-డీఎస్‌లు వరసగా వేయాలి. శ కోసం వేసిన దానిలో రేంజ్ 3. ఇలా రెండు వేస్తే వచ్చే ఫలితం నోవాలో ఓపిగ్గా సెట్ చేసినదానికన్నా కొంచెం మెరుగు, అంతే. తేడా ఫలితంలో కన్నా సమయంలో ఉంది. నోవాలో ప్రతి గాయకుడికీ అరగంట పట్టే పని ఇందులో ఐదు నిమిషాలు. అరగంటకు విలువ కట్టగలిగిన స్టూడియో కొనొచ్చు.

సూథ్2, మిగతావి

సూథ్2 డీ-ఎస్సర్ కాదు. మోగుతున్న చోట్లను తానే వెతికి అణిచే పనిముట్టు. చవక కండెన్సర్ మైకుతో, టైల్స్ గదిలో రికార్డ్ చేసిన గొంతు మీద అద్భుతంగా పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ సమస్య స ఒక్కటే కాదు, పైభాగమంతా రేకు చప్పుడు. కంప్యూటర్ మీద భారం ఎక్కువ, ఐలాక్ (లైసెన్సులు చూసుకునే సేవ) ఖాతా కావాలి. స కోసమే అయితే ఆ డబ్బు మైకు మీద పెట్టండి.

యాపిల్ వాళ్ల లాజిక్ అనే డా వాడేవాళ్లకు డీ-ఎస్సర్ 2 లోపలే ఉంది, బాగుంటుంది. రిలేటివ్ మోడ్, స్ప్లిట్ రేంజ్, మ్యాక్స్ రిడక్షన్ 5 పెట్టి మొదలుపెట్టండి. ఎయిర్‌విండోస్ డీ-ఎస్ ఉచితం, బొమ్మలేవీ లేవు, స్లైడర్లే. చెవి మీద నమ్మకం ఉన్నవాళ్లకు మంచి నేస్తం. మెలోడైన్ 5లో సకారాలను స్వరం నుంచి విడదీసి వాటి స్థాయిని విడిగా మార్చే సాధనం ఉంది, అన్నిటికన్నా కింది ఎసెన్షియల్ ఎడిషన్‌లో మాత్రం అది రాదు. పిచ్ దిద్దడానికి ఎలాగూ మెలోడైన్ తెరిచేవాళ్లు అక్కడే సగం పని ముగించొచ్చు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది చేతిపని. మరీ పొడుచుకొస్తున్న స ఎక్కడుందో చూసి, ఆ ముక్కను కత్తిరించి 3 నుంచి 6 డీబీ తగ్గించండి. తరంగంలో స ముద్దగా, దట్టంగా, ముళ్లకంపలా కనిపిస్తుంది, అచ్చు వరసగా అలల్లా ఉంటుంది, కాబట్టి వెతకడం తేలిక. పదో పదిహేనో పెద్దవాటిని ఇలా దించితే ప్లగిన్‌కు మిగిలేది సమంగా ఉన్న గొంతు, అది 3 డీబీతో సరిపెట్టుకుంటుంది.

ఎక్కడ పెట్టాలి

కంప్రెసర్ అచ్చులను పట్టి కిందికి నొక్కుతుంది. స స్థాయిలో అచ్చు కన్నా చిన్నది కాబట్టి తప్పించుకుంటుంది. ఆపైన మేకప్ గెయిన్ (తగ్గిన స్థాయిని మళ్లీ పెంచడం) ఇస్తే అచ్చు ఉన్నచోటే ఉండి స పైకి లేస్తుంది. రికార్డింగ్‌లో బాగున్న గొంతు మిక్స్‌లో గుచ్చడానికి అసలు కారణం ఇదే. పైగా 10 కిలోహెర్ట్జ్ దగ్గర "గాలి" కోసమని 3 డీబీ పెంచుతారు, అదంతా స మీదే పడుతుంది. అందుకే ఒకేచోట 6 డీబీ కోయడం కన్నా, కంప్రెసర్‌కు ముందు 2, 3 డీబీ, ఈక్యూ అంతా అయ్యాక చివర ఇంకో 2, 3 డీబీ అని రెండుగా పంచడం మేలు.

రివర్బ్‌ను మరవొద్దు. మెయిన్ వోకల్‌లో స చక్కగా ఉన్నా, ప్లేట్ రివర్బ్‌లోకి వెళ్లిన స రెండు సెకన్లపాటు బుస్సుమంటుంది. రివర్బ్ సెండ్ (రివర్బ్‌కు గొంతును పంపే దారి) మీద విడిగా ఒక డీ-ఎస్సర్ వేసి అక్కడ మొహమాటం లేకుండా 8, 10 డీబీ కోయండి. అక్కడ ఉచ్చారణ అక్కర్లేదు, తోక మాత్రమే కావాలి.

కోలాటం, భజన కోరస్‌లో నలుగురి స ఒకే క్షణంలో పడదు, "స్సస్సస్" అని చినుకుల్లా రాలుతుంది. కోరస్ ట్రాకుల్లో సకారాలన్నిటినీ 10, 12 డీబీ కిందికి దించేసి, ముందు గొంతు స ఒక్కటే వినపడనివ్వండి. నలుగురూ ఒకేసారి అన్నట్టు మెదడే కలిపేసుకుంటుంది.

జాతర మైకు సెట్టు

ఈ వైపు పాటల్లో చాలావాటికి అసలు శ్రోత ఫోనూ కాదు, కారూ కాదు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర, ఊళ్లలో గ్రామదేవత పండగలు, స్తంభానికి కట్టిన హారన్ స్పీకర్లు. హారన్‌లో పైభాగం 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు ఉండదు, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మాత్రం అరుస్తుంది. అంటే స తనంతట తానే చిన్నదవుతుంది, శ, చె, చి పెద్దవవుతాయి. స్టూడియో మానిటర్‌లో స మీద తలకిందులుగా కష్టపడి శ ను వదిలేసిన మిక్స్, అక్కడ చెవులు చిల్లులు పొడుస్తుంది. మాస్టర్ మీద తాత్కాలికంగా 400 హెర్ట్జ్ కింద, 5 కిలోహెర్ట్జ్ పైన కోసే ఫిల్టర్ వేసి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డీబీ పెంచి, మోనోలో ఒకసారి పాటంతా వినండి. శ అక్కడ సహించగలిగితే ఎక్కడైనా సహించగలరు. ఆ ఫిల్టర్ తీసేశాకే రెండర్ నొక్కండి.

ఫోన్లలో తిరిగే ఫైలు సంగతి వేరు. 128 కేబీపీఎస్ ఎంపీ3 లో 16 కిలోహెర్ట్జ్ పైన సాధారణంగా ఏమీ మిగలదు, ఉన్న స కూడా ఇసుక రాలినట్టు చెదురుతుంది. ఎక్కువ స అంటే ఎక్కువ ఇసుక. వాట్సాప్‌లో పంపే నమూనా కోసమైనా 256 పెట్టండి.

మైకు దగ్గర

కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం. మైకును నోటికి సూటిగా కాకుండా 20, 30 డిగ్రీలు పక్కకు తిప్పి, ముక్కు ఎత్తులో ఉంచి గడ్డం వైపు చూపండి. స గాలి సూటిగా ముందుకే పోతుంది, పక్కకు కాదు. పాప్ ఫిల్టర్ ప, బ లకు పనికొస్తుంది, స కు దాదాపు ఏమీ చేయదు. మైకు ముందు నిలువుగా ఒక పెన్సిల్ కట్టడం పాత చిట్కా, గాలి రెండుగా చీలుతుంది, పని చేస్తుంది. బీఎం-800 తరహా చవక కండెన్సర్లు పైభాగాన్ని బాగా పెంచి చూపిస్తాయి. అలాంటి మైకు, ఎదురుగా ఖాళీ గోడ, కింద గచ్చు, ఈ మూడూ కలిసిన చోట ఏ డీ-ఎస్సరైనా ఓడిపోతుంది. గాయని వెనక రెండు దుప్పట్లు వేలాడదీసి ఎస్ఎం58 తో పాడించినా దానికన్నా నయం.

కొనడానికి ముందు

ప్రో-డీఎస్‌ను 30 రోజులు పూర్తిగా పని చేసే ట్రయల్‌గా ఇస్తారు, డాంగిల్ (లైసెన్సు కోసం కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ పుల్ల) లేదు, లైసెన్సు కీ అతికిస్తే చాలు. చెల్లింపు విదేశీ సైటులో జరుగుతుంది కాబట్టి మీ కార్డులో అంతర్జాతీయ వాడకం ముందే ఆన్ చేసుకోండి. ఇక్కడ చాలామంది కార్డులు అది ఆఫ్‌లోనే ఉండి తిరగ్గొడతాయి. ట్రయల్ మొదలుపెట్టే రోజును ఖాళీ వారంలో పెట్టకండి. చేతిలో ఒక తెలుగు పాట, ఒక ఒడియా పాట, ఒక కోరస్ ట్రాక్ ఉన్నప్పుడు మొదలుపెట్టి, అవే మూడింటినీ నోవాతోనూ చేసి, స్థాయిలు సమం చేసి, పేర్లు కనపడకుండా ఇంకొకరి చేత వినిపించుకోండి. ఏది ఏదో చెప్పలేకపోతే నోవాతోనే ఉండండి.